బుడగలు చూసే పిన్ని

"నానలేదు! మళ్ళీ నానబెట్టి చూడమంటున్నానా లేదా?"

"రెండుసార్లు నానబెట్టానండీ. రెండుసార్లూ అక్కణ్ణుంచే వచ్చింది."

"మూడోసారి పెట్టు. నీదేం పోయింది? నీళ్ళేగా?"

"మూడోసారీ అక్కడే వస్తే?"

"అప్పుడు చూద్దాం."

"ఏం చూస్తారు? నాలుగోసారి పెట్టమంటారు."

గిన్నె కిందపడిన చప్పుడు. అదే పడిందో, ఎవరైనా పడేశారో తెలియదు. బాబాయ్ గొంతు ఇంకాస్త పెరిగింది.

"పరాయివాళ్ళ ముక్కలైతే ఒకటికి రెండుసార్లు తిప్పి తిప్పి చూస్తావు. నాది రాగానే ఎర్ర సుద్ద చేతిలో పట్టుకుని రెడీగా కూర్చుంటావు. మొగుడి మీద కాకపోతే ఇంకెవరి మీద చూపిస్తావులే నీ పెత్తనం!"

"పెత్తనమా? నాకా? ఈ ఇంట్లో ఫ్యాను స్విచ్చు మీద కూడా లేదు నాకు పెత్తనం."

గోడకు ఇవతల నేను బూట్ల లేసులు కట్టుకుంటున్నాను. మా గదుల మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. అవతల ఎవరైనా దగ్గితే ఇవతల నాకు నీళ్ళు తాగాలనిపిస్తుంది. ఫ్యాను మాటకు నవ్వొచ్చింది కానీ, నవ్వలేదు. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు. వాళ్ళిద్దరూ అరుచుకుంటున్నంతసేపూ నాకు బెంగ ఉండదు. అరుపులు ఆగిపోయాకే ఆ ఇంట్లో ఊపిరాడదు.

తెలియనివాళ్ళు వింటే ఏ బట్టల గురించో, గింజల గురించో అనుకుంటారు. వాళ్ళ గొడవ నీళ్ళు వడపోసే గొట్టాల గురించి. బాబాయ్ వాటికి జిగురు పోస్తాడు. పిన్ని వాటిని పరీక్ష చేస్తుంది. ఇద్దరిదీ ఒకే షెడ్డు, ఒకే బస్సు, మధ్యాహ్నం ఒకే క్యారేజీ. మొగుడు పొద్దంతా చేసినదాన్ని మర్నాడు బాగుందనో, బాగోలేదనో చెప్పడం పిన్ని ఉద్యోగం. ఇంతకంటే దరిద్రపు ఉద్యోగం పెళ్ళయిన ఆడమనిషికి ఇంకొకటి ఉంటుందనుకోను.

వాళ్ళు నాకు చుట్టాలు కారు. ఇంటి వెనక గది నాకు అద్దెకిచ్చారు. నాకు కాలేజీ పడక మానేసి వీధులు కొలుస్తుంటే, "ఊరికే తిరిగి చెప్పులెందుకు అరగదీస్తావ్, మాతో రా" అని బాబాయే లాక్కెళ్ళి ప్యాకింగులో పెట్టించాడు. అప్పట్నుంచి ఆయన బాబాయ్, ఆవిడ పిన్ని. ఫ్యాక్టరీలో మాత్రం ఆయన జిగురు మేస్త్రి. ఆవిడ బుడగలమ్మ.

ఆ పేరెందుకో చెప్పాలంటే పని చెప్పాలి. మా దగ్గర తయారయ్యే గొట్టం నా ఛాతీ ఎత్తుంటుంది, తొడంత లావు. లోపల వేలకొద్దీ తెల్లటి పీచులు. చూడ్డానికి దారాల్లా ఉంటాయి గానీ ప్రతి పీచూ ఒక బోలు గొట్టమే. మురికినీళ్ళు పీచు బయట ఉంటాయి. పీచు గోడలోంచి వడకట్టుకుని మంచినీళ్ళు లోపలికి దిగి, కొసలోంచి బయటికొస్తాయి. కొసలన్నిటినీ ఒకచోట పట్టి ఉంచడానికి వాటి చుట్టూ జిగురు పోస్తారు. అది రాయిలా గట్టిపడ్డాక బ్లేడుతో అడ్డంగా కోస్తే, ఆ కోసిన ముఖం అచ్చం తేనెపట్టులా ఉంటుంది. ఎక్కడ ఒక్క పీచు తెగినా, జిగురులో ఒక్క సందున్నా, మురికి నేరుగా వెళ్ళి మంచినీళ్ళలో కలుస్తుంది. మా గొట్టాలు కొనేది మందుబిళ్ళల ఫ్యాక్టరీలు, కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలు.

సందు ఉందో లేదో పిన్ని చూస్తుంది. ముందు గొట్టాన్ని స్పిరిటు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెడతారు. పొద్దున అద్దాల తొట్టిలో ముంచి, వెనకనుంచి దీపం వేసి, లోపలికి గాలి వదులుతారు. నానిన పీచు గోడ గాలిని పోనివ్వదు. సందు ఉంటేనే గాలి బుడగై బయటికొస్తుంది. బుడగ తేనెపట్టు కన్నంలోంచి వస్తే ఒక పీచు తెగిందని లెక్క. ఆ కన్నంలో సూదంత మేకు దిగ్గొట్టి, నీలం గీత గీసి పాస్ చేయొచ్చు. కన్నానికీ కన్నానికీ మధ్య జిగురులోంచి వస్తే మాత్రం చేసేదేమీ లేదు. ఎర్ర గీత గీసి పక్కన పడేయాలి. ఆ తప్పు జిగురు పోసినవాడిది.

ఇదంతా నాకు పిన్నే నేర్పింది. భోజనాల వేళ నేను ఆ గదిలోకే వెళ్ళి కూర్చుంటాను. షెడ్డు మొత్తంలో చల్లగా ఉండేది అదొక్కటే. మొదటిరోజు తొట్టి చూసి, "అమ్మో, పిన్నీ, ఎన్ని లీకులో!" అని కేకేశాను. ఆవిడ తినడం ఆపకుండానే, "అవి దొంగ బుడగలురా. మునిగేటప్పుడు పైన అంటుకుని వచ్చిన గాలి. కాసేపు హడావిడి చేసి పోతాయి, నీలాగా. ఉండేది చూడు. ఉండేది ఒక్కచోటే, ఒక్క తీరున వస్తుంది" అంది.

పొట్టి మనిషి. యాభై దాటాయి. కళ్ళజోడు తాడు కట్టి మెడలో వేసుకుంటుంది, కానీ తొట్టి ముందు పెట్టుకోదు. దీపం వెలుగు అద్దం మీద పడుతుందని. ఎడమకన్ను సగం మూసి చూడడం అలవాటై, బయట కూడా అలాగే చూస్తుంది. కొత్తవాళ్ళు తమను అనుమానిస్తోందనుకుంటారు. ఎప్పుడూ నీళ్ళలో ఉండి చేతివేళ్ళు ముడతలు పడి పాలిపోయి ఉంటాయి. ఆదివారం సాయంత్రానికి గానీ మామూలు వేళ్ళలా కనిపించవు. సోమవారం మళ్ళీ మొదలు. ఒకసారి బస్టాపు దగ్గర సోడా కొనిచ్చాను. తాగకుండా సీసా వెలుతురులో పట్టుకుని చూస్తూ నిలబడింది. "ఏంటి పిన్నీ?" అంటే, "మొత్తం రిజెక్టు" అంది. అంతలా ఆవిడ నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

ఆవిడ వాళ్ళ నాన్నది సైకిలు షాపు. ట్యూబులో గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచి, పంక్చరెక్కడుందో వేలు పెట్టి చూపించడం చిన్నప్పట్నుంచీ ఆవిడ పని. నాన్న చేతులకెప్పుడూ గ్రీజు కాబట్టి నీళ్ళలో పెట్టనిచ్చేది కాదట. పదో తరగతి తప్పాక ఎవరూ మళ్ళీ కట్టమని అనలేదు. షాపుకి ఎదురుగా కుర్చీలు, బల్లలు చేసే వర్క్‌షాపు ఉండేది. అందులో వార్నీషు వేసే కుర్రాడు రోజూ సైకిల్లో గాలి కొట్టించుకోవడానికి వచ్చేవాడు.

"రోజూ గాలెలా పోతుందని మా నాన్న ట్యూబు విప్పి చూశాడు. ఎక్కడా లీకు లేదు. ఆయనే తీసేసుకుని వచ్చేవారన్నమాట" అని చెప్పింది పిన్ని ఒకసారి.

"కనిపెట్టింది మీ నాన్నా, మీరా?"

"నేనే. నాన్నకి చెప్పలేదు."

బాబాయ్ అప్పుడు పక్కనే ఉన్నాడు. "అప్పుడే రిజెక్ట్ చేసుంటే ఇద్దరం సుఖపడేవాళ్ళం" అన్నాడు. అది సరదాగా అన్న మాటే. అప్పటికింకా సరదాలు నడుస్తున్నాయి.

వార్నీషు చెయ్యి కాబట్టి ఫ్యాక్టరీ పెట్టినప్పుడు ఆయన్ని జిగురు బల్లకి తీసుకున్నారు. తొట్టి దగ్గర మనిషి కావాల్సొచ్చినప్పుడు, "మా ఆవిడుంది" అన్నాడట. మేనేజరు పిలిచి, అనుభవం ఏముందమ్మా అనడిగాడు. "పంక్చర్లండీ" అంది పిన్ని. మేనేజరు నవ్వి రేపట్నుంచి రమ్మన్నాడు.

జిగురు పోయడం చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. రెండు డబ్బాల్లోది కలపాలి. కలిపిన క్షణం నుంచీ అది బిగుసుకోవడం మొదలుపెడుతుంది. ఆలోపు పీచుల మధ్య సందు వదలకుండా దిగేలా, తీగలాంటి సన్నటి ధారగా, ఆపకుండా పోయాలి. ధార తెగితే, తెగినచోట గాలి మడత పడుతుంది. ఆ మడతే తర్వాత సందవుతుంది. బాబాయ్ పోస్తుంటే మిగతా బల్లలవాళ్ళు పని ఆపి చూసేవారు. ఊపిరి బిగబట్టి, కప్పు వంచి, ధార చివరిదాకా ఒక్కలాగే వదిలేవాడు. పోతవాళ్ళు ఎవరికి వాళ్ళు తమ నంబరు గొట్టం మీద గీస్తారు. ఆయనది రెండు. రెండో నంబరు తొట్టిలో మునిగిందంటే పిన్నికి విశ్రాంతే. చాలా ఏళ్ళు అలాగే నడిచింది.

మధ్యలో ఒక గొడవ జరిగింది. ఒక వారం రెండో నంబరు గొట్టాలన్నీ తొట్టిలో వేయగానే ఎసరు మరిగినట్టు మరిగాయి. ఒక్కచోటని కాదు, ఒళ్ళంతా బుడగలే. మేనేజరు అందరి ముందూ బాబాయ్‌ని దులిపేశాడు. పిన్ని మాత్రం ఎర్ర గీత గీయలేదు. సందుంటే ఒకచోట రావాలి గానీ ఇలా ఒళ్ళంతా రాదని పట్టుబట్టింది. తీరా చూస్తే స్పిరిటు మిగుల్చుదామని ఎవడో నానబెట్టే నీళ్ళలో దాన్ని సగానికి తగ్గించాడు. పీచులు నానలేదు. నానని పీచు ప్రతి రంధ్రంలోంచీ గాలి వదిలేస్తుంది. మళ్ళీ సరిగ్గా నానబెట్టి చూస్తే అన్నీ బంగారాలే. ఆ సాయంత్రం బస్సులో బాబాయ్ కిటికీ పక్క సీటు పిన్నికిచ్చాడు. ఆయన మనస్తత్వం తెలిసినవాళ్ళకి అదెంత పెద్ద విషయమో తెలుస్తుంది.

ఆయనకి ఆ 'నానలేదు' అనే మాట అప్పుడే పట్టుకుంది. ఇక వదల్లేదు.

బాబాయ్ చెయ్యి వణకడం ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. నేను చూడ్డం మొదలుపెట్టింది టీ గ్లాసుల వల్ల. పిన్ని నాకు, తనకు గ్లాసు నిండా పోసేది. బాబాయ్‌కి సగమే పోసి, తాగాక మళ్ళీ సగం పోసేది. "ఆయనకి వేడివేడిగా ఉండాలిరా" అంది నేనడక్కుండానే. తర్వాత ఆయన చొక్కాలకు గుండీలు పోయి టిచ్చుబటన్లు వచ్చాయి. తాళంకప్ప తీసే పని పిన్ని తీసుకుంది. ఏదీ ఎవరూ మాట్లాడుకోలేదు. ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కాగితం మీద నత్తగుల్లలా గుండ్రంగా గీత గీయమన్నాడట డాక్టరు. గీసింది చూసి ఆయన బాబాయ్‌తో కాక పిన్నితో మాట్లాడాడు. ఇచ్చిన మాత్రలు అలమర పై అరలో ఉన్నాయి. "డాక్టరు నాకేం చెప్పలేదుగా. నీకు చెప్పాడు, నువ్వే మింగు" అంటాడు బాబాయ్.

రెండో నంబరు మీద ఎర్ర గీతలు ఒకటొకటిగా మొదలై, కుప్పలయ్యాయి.

ఈ నెల మొదట్లో మేనేజరు పరీక్ష గదికొచ్చాడు. నేను మూతల పెట్టె తేవడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. చెడ్డవాడేం కాదు. కుర్చీ లేక తొట్టి గట్టు మీద కూర్చుని, ఫ్యాంటు తడిసి లేచి, మళ్ళీ నిలబడే మాట్లాడాడు.

"మేస్త్రిగారిని గేటు దగ్గర కూర్చోబెడదామనుకుంటున్నానమ్మా. రాకపోకలు చూసుకుంటారు. జీతం తగ్గించను."

పిన్ని తొట్టి గట్టు గుడ్డతో తుడిచింది.

"ఈ నెలాఖరుదాకా చూస్తాను. గీతలు తగ్గితే బల్ల మీదే ఉండనిద్దాం. అంతా మీ చేతిలో ఉంది" అని నవ్వాడు. జోకనుకున్నాడు.

టీ టైముకి షెడ్డంతా తెలిసిపోయింది. పక్కబల్లవాడు, "మేస్త్రిగారూ, గేటు కుర్చీకి కుషను కుట్టించమంటారా?" అన్నాడు. బాబాయ్ కప్పు కడుగుతూనే, "కుట్టించు. నువ్వు పోసిన ముక్కలన్నీ పీకి దూది కింద వాడుకో" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కప్పు కడగడం మాత్రం చాలాసేపటిదాకా ఆపలేదు. గేటు దగ్గర ఇప్పుడున్న ముసలాయన పొద్దంతా కళ్ళు తెరుచుకుని నిద్రపోతాడు. వెళ్ళేటప్పుడు ఆయన్ని ఎవరూ పలకరించరు. ఈ ఫ్యాక్టరీలో కుర్రాళ్ళందరికీ జిగురు పోయడం నేర్పినవాడు అక్కడ కూర్చుని లారీ నంబర్లు రాసుకోవాలి. జీతం తగ్గకపోతే ఏంటి?

ఆ తర్వాత ఇంట్లో రోజూ 'నానలేదు' పాటే. మొదట్లో నేను వినిపించింది ఆ పాటలో ఒకరోజుది మాత్రమే.

ఆ గొడవైన మర్నాడే, మధ్యాహ్నం మేం అన్నాలు తింటుండగా బాబాయ్ ట్రాలీ తోసుకుంటూ పరీక్ష గదిలోకొచ్చాడు. దాని మీద ఒక గొట్టం, తడితడిగా. నంబరు రెండు.

"ఇది నేనే నానబెట్టాను. స్పిరిటు నేనే కొలిచి పోశాను. ఇప్పుడు చూడు" అన్నాడు.

పిన్ని చెయ్యి కడుక్కుని వచ్చి, తన స్టూలు ఆయన వైపు జరిపింది. "మీరే చూడండి."

"నేనెందుకు? నీ పని."

"కూర్చోండి. నా కళ్ళ మీద మీకు నమ్మకం లేదుగా."

ఆయన కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ స్టూలు మీద కూర్చోవడం అదే మొదటిసారట. నేనూ పిన్నీ కలిసి గొట్టాన్ని తొట్టిలోకి దింపాం. ఆవిడ గాలిగొట్టం తగిలించి, గదిలో లైటు తీసేసి, తొట్టి వెనక దీపం వేసి, వాల్వు కొంచెం కొంచెంగా తిప్పింది. తేనెపట్టు ముఖం మీద గుప్పున బుడగలు లేచాయి.

"ఇవన్నీ దొంగవేగా?" అన్నాడు బాబాయ్.

"దొంగవే. ఆగండి."

ఆగాం. బుడగలు పల్చబడ్డాయి, తర్వాత ఒకటీ అరా, తర్వాత ఏమీ లేవు. ముఖం నున్నగా, తెల్లగా, దీపం వెలుగులో నిలబడింది. బాబాయ్ నిటారుగా కూర్చున్నాడు.

"చూశావా? అద్దం. అద్దంలా ఉంది. చెప్తే వినవు, నానలేదే మొర్రో అని..."

"ఆగండి" అంది పిన్ని మళ్ళీ, చాలా మెల్లిగా.

కింది అంచుకి దగ్గర్లో, కన్నానికీ కన్నానికీ మధ్య, ఆవగింజంత బుడగ ఉబ్బింది. ఉబ్బి, కాసేపు వేలాడి, విడిపోయి పైకి వెళ్ళిపోయింది. బాబాయ్ ముందుకు వంగాడు. అక్కడే ఇంకొకటి ఉబ్బింది. ఇంకొకటి. ముక్కు అద్దానికి ఆనేంతగా వంగి, నిలదొక్కుకోవడానికి కుడిచెయ్యి తొట్టి అంచు మీద వేశాడు. వెంటనే నీళ్ళన్నీ సన్నగా కదలడం మొదలుపెట్టాయి. దీపం వెలుగు వణికింది, తేనెపట్టు వణికింది, బుడగ కనిపించీ కనిపించకుండా పోయింది.

"ఎవరో బల్ల కదుపుతున్నారు. నీళ్ళు కదులుతుంటే ఏం కనపడి చస్తుంది? ఒరేయ్, నువ్వేనా?" అన్నాడు నా వైపు తిరక్కుండానే.

నేను బల్లకి దూరంగా, గోడకానుకుని ఉన్నాను. పిన్ని ఆయన చేతికేసి చూసింది. ఆయనకి అప్పుడు తెలిసింది. చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. నీళ్ళు కుదురుకున్నాయి. బుడగ అక్కడే, అదే తీరున వస్తూ ఉంది.

"దీపం మసగ్గా ఉంది. మార్పించు" అని లేచి వెళ్ళిపోయాడు. ట్రాలీ తీసుకెళ్ళలేదు.

తలుపు మూసుకునేదాకా పిన్ని కదల్లేదు. తర్వాత వాల్వు కట్టేసి, గొట్టాన్ని బయటికి తీయించి, పొడిగుడ్డతో తుడిచి, రెండో నంబరు పక్కన ఎర్ర గీత గీసింది. మిగిలిన అన్నం తినలేదు. క్యారేజీ మూత పెట్టేసింది.

ఆ రోజు నుంచి గోడ అవతల గొడవల్లేవు. ఆయన ముందుగదిలో పడుకుంటున్నాడు. పొద్దున బస్సులో ఆవిడ ముందు, ఆయన వెనక. సగం పోసిన టీ గ్లాసు బల్ల మీద అలాగే చల్లారిపోయి ఉంటుంది. తాగడం ఆయన మానేశాడు, రెండో సగం పోయడం ఆవిడ మానలేదు. నిండిన గ్లాసు అంచు దాటి టీ బల్ల మీద పడుతుంది, తుడుస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం నేను వెనకవైపు పంపు దగ్గర బట్టలు ఉతుక్కుంటున్నాను. పిన్ని వచ్చి మెట్టు మీద కూర్చుంది. బాబాయ్ ఇంట్లో లేడు. కాసేపు సబ్బునీళ్ళకేసి చూసింది.

"నువ్వు ఇంకా ప్యాకింగులోనే ఉంటావా, ఎక్కడికైనా పోతావా?" అంది.

"తెలీదు పిన్నీ. ఎందుకు?"

"నీకు కుదురు లేదు. అందుకే అడిగా." వేళ్ళు చూసుకుంది. ఆదివారం కదా, ముడతలు ఇంకా పూర్తిగా విడిపోలేదు. "మేనేజరు అలా చెప్పాక ఒకటి పాస్ చేశాన్రా. ఆయనది."

చొక్కా పిండుతున్నవాణ్ణి ఆగిపోయాను.

"బుడగ వచ్చింది. జిగురులోంచే. చాలా నెమ్మదిగా, ఉందా లేదా అన్నట్టు. దొంగదేమో అనుకున్నాను. ఇంకాసేపు ఆగితే తేలిపోతుంది. ఆగలేదు. నీలం గీసి తోసేశాను. నువ్వే మూత బిగించి పెట్టెలో పెట్టావు."

"ఏ పెట్టె?"

"నాకేం తెలుసు? నీకు తెలుసా?"

నాకూ తెలియదు. రోజూ ఎన్నో పెట్టెలు పోతాయి, ఎక్కడెక్కడికో.

"అయినా పిన్నీ, మన గొట్టం తర్వాత వాళ్ళ దగ్గర ఇంకో వడపోత ఉంటుంది. ఎవరికీ ఏమీ కాదు."

"నేనూ అదే అనుకుని గీశాను" అంది.

నా నోరు ఊరుకోదు కాబట్టి, "మేనేజరుకి చెప్పేయొచ్చుగా?" అన్నాను.

"చెప్తే నన్ను తీసేస్తారు. అది సరే. ఎందుకు చేశానని అడుగుతారు కదా? ఆయన వింటారు. తను పోసింది బాగుండి పాసవ్వలేదని, పెళ్ళాం జాలిపడి పాస్ చేసిందని వింటారు. గేటు దగ్గర కుర్చీనైనా భరిస్తారేమో గానీ, ఇది భరించలేరు."

పంపులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ చెయ్యి చాపి గట్టిగా కట్టేసింది.

"పోనీ, ఇకనుంచి ఆయన నంబరు మీద టేపు అంటించుకుని చూడండి. ఎవరిదో తెలియకుండా."

"పిచ్చివాడా! ఆయన పోసింది నాకు తెలీదా? ధార ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతారో, అంచు దగ్గర ఎలా తిప్పుతారో... కళ్ళకి గంతలు కట్టి చేతిలో పెట్టినా చెప్తాను." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో గర్వం లాంటిదేదో వచ్చింది. వెంటనే పోయింది. "అది కాదురా కష్టం. ఆ ఒక్కటీ వదిలేశాక నా కళ్ళు పాడైపోయాయి. ఆయనది తొట్టిలో పెడితే ఒకరోజు ఉన్న బుడగ కూడా లేదనిపిస్తుంది. మర్నాడు ఆయన నాతో మాట్లాడకుండా బస్సెక్కితే, ఆ కోపంలో లేనిది కూడా ఉందనిపిస్తుంది. నిన్న గీసిన ఎర్ర గీతల్లో ఒకటి నేను సరిగ్గా చూశానో లేదో నాకే తెలీదు. ఇన్నేళ్ళు ఎవరి ముక్కైనా చూసిందే చెప్పాను. ఇప్పుడు చూస్తున్నదేంటో తెలియట్లేదు."

నేను బకెట్టు పక్కకి జరిపి ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ ఎడమకన్ను సగం మూసి నన్ను చూసింది. అంత దగ్గర్నుంచి అలా చూస్తే ఎవరికైనా లోపల ఏదో లీకున్నట్టు అనిపిస్తుంది.

"నీకు పని వచ్చు. నేనే నేర్పాను. మేనేజరుకి నేను చెప్తాను, కళ్ళు మండుతున్నాయి, పక్కన ఒక మనిషి కావాలని. రెండో నంబరు వచ్చినప్పుడు నేను లేచి బయటికి వెళ్ళిపోతాను. నువ్వు కూర్చో. తొందరపడకు. ఒక్కచోట వస్తుందా, ఒక్క తీరున వస్తుందా చూడు. బాగుంటే నీలం గియ్యి, లేకపోతే ఎర్రది గియ్యి. ఆయన నిన్ను ఉద్యోగంలో పెట్టించారని చూడకు, నేను బయట నిలబడ్డానని చూడకు. ఏది గీశావో నాకు చెప్పొద్దు."

"బాబాయ్ అడిగితే?"

"అడిగితే, పిన్నే గీసిందని చెప్పు. తిట్టుకోవడానికి ఆయనకి నేనుండాలి. నువ్వని తెలిస్తే ఎవర్ని తిట్టుకుంటారు? చేస్తావా, చెయ్యవా? ఆలోచిస్తాననకు, రేపు సోమవారం."